పాత యాంప్లిఫయర్‌కి నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ కలపడం: వెనక సాకెట్ల నుంచి మొదటి పాట దాకా

మా నాన్నగారి యాంప్లిఫయర్ ఎనిమిదేళ్లు అటక మీదే ఉండిపోయింది. ఆయన ఉన్నన్నాళ్లూ అందులో రోజూ క్యాసెట్లు మోగేవి. తర్వాత క్యాసెట్ డెక్ బెల్టు సాగిపోయింది, పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాయి, ఆ పెట్టెను తాకినవాళ్లు లేరు. ఒక దుకాణంలో అడిగితే "పాతసామాన్లకి వేసేయండి సార్, సౌండ్‌బార్ తీసుకోండి" అన్నారు. నాకు మనసొప్పలేదు. యాంప్లిఫయర్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి. పాటలున్న చోటికీ వాటికీ మధ్య దారి లేదు, అంతే. ఆ దారి వేసేదే నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్. అరచేతిలో పట్టే ఈ చిన్న డబ్బా ఇంట్లో వైఫై నుంచి పాటను అందుకుని, యాంప్లిఫయర్‌కి అర్థమయ్యే రూపంలో ఇస్తుంది.

మాది విజయనగరం. 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్న చోటు. ఇలాంటి ఊళ్లో పాత టేపులు, పాత యాంప్లిఫయర్లు ఇళ్లలో మిగిలి ఉండడం సహజం. మా వీధిలోనే మూడిళ్లలో నేను ఈ పని చేసి పెట్టాను. మూడూ మూడు రకాలు: ఒకరిది పాత స్టీరియో యాంప్లిఫయర్, ఒకరిది హోం థియేటర్ రిసీవర్, మూడోవారిది భజనలకు వాడే మైకుసెట్టు యాంప్లిఫయర్. అందుకే మూడింటి గురించీ రాస్తున్నాను.

వైర్లు ముట్టుకునే ముందు మూడు మాటలు గుర్తుంచుకోండి. డిజిటల్ పాట కరెంటు అలగా మారే పని ఒక్కచోటే జరగాలి. వాల్యూమ్ ఒక్కచోటే తిప్పాలి. ఎర్తు దారి ఒక్కటే ఉండాలి. నాకు ఇప్పటిదాకా ఎదురైన తలనొప్పులన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చినవే.

ముందు యాంప్లిఫయర్ వెనకవైపు చూడండి

ప్లేయర్ కొనడం తర్వాత. ముందు యాంప్లిఫయర్ ప్లగ్గు తీసేసి, వెనక్కి తిప్పి, సాకెట్లన్నీ కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్రతి సాకెట్ పక్కనా ఒక పేరు ఉంటుంది. ఆ పేర్లే మీకు దారి చూపిస్తాయి.

ఆక్స్, ట్యూనర్, సీడీ, టేప్ ఇన్ అని రాసి ఉన్న ఎరుపు తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇవన్నీ లైన్ ఇన్‌పుట్లు, అంటే ప్లేయర్లు ఇచ్చే మామూలు స్థాయి సిగ్నల్ కోసం చేసినవి. పేర్లు వేరైనా పని ఒకటే, ఏ జత ఖాళీగా ఉంటే అందులో పెట్టుకోవచ్చు. ఒక్క చోట జాగ్రత్త: టేప్ దగ్గర రెండు జతలు ఉంటాయి. రికార్డింగ్ కోసం శబ్దం బయటికి వెళ్లేది ఒకటి, ప్లే కోసం లోపలికి వచ్చేది ఒకటి. ప్లే అని రాసి ఉన్నదే మనకు కావాలి. పొరపాటున రికార్డ్ వైపు పెడితే ఏదీ పాడవదు, కాకపోతే శబ్దం రాదు, గంటసేపు ప్లేయర్ మీద అనుమానపడతాం.

ఫోనో అని రాసిన చోట మాత్రం ప్లేయర్ ఎప్పుడూ పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ కోసం. ఆ ముల్లు ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లెక్కలో ఉంటుంది. నెట్‌వర్క్ ప్లేయర్ గట్టిగా ఇస్తే 2 వోల్టులు, అంటే 400 రెట్లు. పైగా గ్రామఫోన్ రికార్డు మీద బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. ఫోనో ఇన్‌పుట్ ఆ లెక్కను తిరగేసి సరిచేస్తుంది. మన పాటను అందులోంచి పంపితే బేస్ ఉబ్బిపోయి, శబ్దం బొంగురుపోయి, స్పీకర్ కోన్‌కే ముప్పు వస్తుంది.

నాన్నగారి యాంప్లిఫయర్‌కి ఎరుపు తెలుపు సాకెట్లు లేవు. గుండ్రటి సాకెట్, లోపల అర్ధచంద్రాకారంలో 5 రంధ్రాలు. దాన్ని డిన్ సాకెట్ అంటారు. 1970లు, 80ల నాటి సెట్లలో తరచు కనిపిస్తుంది. అందులో మధ్య పిన్ను 2వ నంబరు, అది గ్రౌండ్. టేప్ నుంచి పాట లోపలికి వచ్చేవి 3, 5 పిన్నులు: 3 ఎడమ, 5 కుడి. మిగిలిన 1, 4 పిన్నులు రికార్డింగ్ కోసం. నంబర్లు వరసగా ఉండవు, ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3 అని వెళ్తాయి. డిన్ నుంచి ఆర్‌సీఏకి తయారు కేబుల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు అది ప్లే కోసమో, రికార్డ్ కోసమో చూసుకోండి. లేదా సోల్డరింగ్ వచ్చినవారి చేత చేయించుకోండి.

నేను చేయించుకున్నాను. మా ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన సాకెట్‌ని లైటు కింద పెట్టి, భూతద్దంతో చూసి, "మేస్టారూ, ఇందులో ఏటీ పోనేదు. పిన్నులు పచ్చగా పాచి పట్టీసినాయి, అంతే" అన్నారు. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి ఒక్కో రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పారు. తీసేసరికి దూది చివర తుత్తం రంగు. మూడు పుల్లలు మార్చాక నాలుగోది తెల్లగానే వచ్చింది. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఇది అందరికీ ఉండే జబ్బే. భోగాపురం, భీమిలి వైపైనా, అటు కళింగపట్నం వైపైనా ఇంకా ఎక్కువ. కొత్త కేబుల్ పెట్టే ముందు పాత సాకెట్ తుడవడం మరిచిపోకండి.

మైకుసెట్టు యాంప్లిఫయర్ అయితే మైక్ ఇన్‌పుట్లు నాలుగైదు, ఆక్స్ ఒకటో రెండో ఉంటాయి. ప్లేయర్ ఆక్స్‌లోకే వెళ్లాలి. మైక్ ఇన్‌పుట్ కూడా ఫోనోలాగే చిన్న సిగ్నల్ కోసం చేసింది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది: ఈ యాంప్లిఫయర్లు చాలావరకు మోనో, మన ప్లేయర్ స్టీరియో. ఎడమ కుడి వైర్లను కలిపి మెలేసి ఒకే పిన్నుకి అతికించేస్తుంటారు. అలా చేస్తే ప్లేయర్‌లోని రెండు అవుట్‌పుట్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎడమ వైరుకి 1 కిలో ఓమ్ రెసిస్టర్, కుడి వైరుకి ఇంకోటి వేసి, ఆ తర్వాత రెంటినీ కలిపి పిన్నుకి ఇవ్వాలి. రెసిస్టర్ ఖరీదు లెక్కలోకి రాదు. ప్లేయర్ సెట్టింగుల్లో మోనో ఉంటే ఇదీ అక్కర్లేదు, అది ఆన్ చేసి ఒక్క వైరే వాడండి.

ఇప్పుడు ప్లేయర్ ఎంచుకోండి

యాంప్లిఫయర్ ఏం అడుగుతోందో తెలిశాక ప్లేయర్ ఎంపిక సులువు. పాత స్టీరియో సెట్టుకి కావలసింది అనలాగ్ లైన్ అవుట్. అంటే లోపలే డాక్ ఉన్న ప్లేయర్. డాక్ అంటే అంకెల రూపంలో ఉన్న పాటను కరెంటు అలగా మార్చే చిప్పు. వీమ్ కంపెనీ మినీలో ఇది 3.5 ఎంఎం సాకెట్ రూపంలో ఉంటుంది, ప్రో మోడల్లో ఆర్‌సీఏ జత ఉంటుంది. రెండూ బాగా పనిచేస్తాయి. గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే గుండ్రటి డబ్బా ఎవరింట్లోనైనా ఉంటే దాన్నీ వాడుకోవచ్చు, 2019 జనవరిలో తయారీ ఆపేశారు కాబట్టి కొత్తది మాత్రం దొరకదు.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఉన్నవాళ్లు వోల్యూమియో, మూడ్ ఆడియో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మెమరీ కార్డులో వేసుకుని దాన్నే ప్లేయర్‌గా మార్చుకోవచ్చు. కాకపోతే ఆ బోర్డు మీదున్న 3.5 ఎంఎం సాకెట్ శబ్దం పలచగా, వెనకాల సన్నటి రొదతో ఉంటుంది. 5వ మోడల్లో ఆ సాకెట్టే తీసేశారు. 40 పిన్నుల మీద కూర్చునే డాక్ బోర్డు ఒకటి కలుపుకోండి, తేడా మొదటి పాటకే తెలుస్తుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఇదే నా మొదటి సలహా.

హోం థియేటర్ రిసీవర్ ఉంటే లెక్క తిరగబడుతుంది. దాంట్లో మంచి డాక్ ముందే ఉంటుంది. కాబట్టి ప్లేయర్ నుంచి డిజిటల్‌గానే, ఆప్టికల్ లేదా కోయాక్సియల్ కేబుల్‌తో పంపండి. అనలాగ్‌గా పంపితే చాలా రిసీవర్లు ఆ అలను మళ్లీ అంకెలుగా మార్చి, లోపల లెక్కలు చేసి, తిరిగి అలగా మారుస్తాయి. మార్పు ఒక్కచోటే జరగాలని మొదట అన్నది ఇందుకే. అనలాగ్ తప్ప దారి లేకపోతే ఈ మార్పులను తప్పించే డైరెక్ట్ లేదా ప్యూర్ డైరెక్ట్ అనే బటన్ రిసీవర్‌లో ఉంటుందేమో వెతకండి.

ఆప్టికల్, కోయాక్సియల్ రెండూ ఉంటే ఏది? ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. కాబట్టి ఎర్తు గొడవ దాని గుండా రాదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా నమ్మకంగా నడుస్తుంది. కోయాక్సియల్ 192 దాకా వెళ్తుంది, కానీ రెండు పెట్టెల గ్రౌండ్లనూ కలుపుతుంది. మన పాత పాటలు చాలావరకు సీడీ స్థాయిలో, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో దొరికేవే కాబట్టి నేను కళ్లు మూసుకుని ఆప్టికల్ అంటాను. కోయాక్సియల్ వాడితే 75 ఓమ్‌ల కేబుల్ తీసుకోండి.

ఆప్టికల్ కేబుల్ కొత్తది తెచ్చినప్పుడు రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, పిన్నులో భాగమే అనిపిస్తాయి. రిసీవర్ ఉన్న మావయ్యగారింట్లో ఆ మూత తీయకుండానే నెట్టారు, సాకెట్ తలుపు విరిగినంత పనైంది. మూత లాగేశాక ఒక చివర ప్లేయర్‌లో టక్కుమనేదాకా నొక్కండి. రెండో చివర అరచేతికి చూపిస్తే చేతి మీద ఎర్రటి చుక్క పడాలి. చుక్క పడితే ప్లేయర్, కేబుల్ రెండూ బాగున్నట్టే. ఇక పాట రాకపోతే లోపం రిసీవర్ సెట్టింగుల్లోనే. కేబుల్‌ని మడత పెట్టకండి, మూల దగ్గర వెడల్పుగా తిప్పండి, లోపలి తంతి విరిగితే అతుకు పడదు.

వైఫై సంగతి

యాంప్లిఫయర్ దగ్గర వైఫై ఎలా ఉందో ముందు చూసుకోండి. ఫోన్‌ని ప్లేయర్ పెట్టబోయే చోటే పెట్టి, పది నిమిషాలు పాటలు నడపండి. చేత్తో పట్టుకుని కాదు, అలమార లోపల పెట్టబోతుంటే అలమార లోపలే పెట్టి.

సీడీ స్థాయి పాటకి సెకనుకి 1411 కిలోబిట్లు కావాలి. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ రూపంలో అయితే అందులో సుమారు సగం. మంచి ఎంపీ3 అయితే 320. ఇవాళ్టి వైఫైకి ఇది పెద్ద బరువేమీ కాదు. పాట మధ్యలో ఆగిపోతుంటే అది వేగం తక్కువై కాదు, సిగ్నల్ తెగిపోయి. పాతకాలపు ఇళ్లలో గోడలు జానెడు మందం ఉంటాయి. ఇటుక, సున్నం గోడ రెండు దాటితే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసపడుతుంది. 2.4 అయితే దాటుతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే ఉంటాయి. రౌటర్ సెట్టింగుల్లో చానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది పెట్టండి, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. ల్యాన్ కేబుల్ లాగే వీలుంటే మాత్రం ఇవేవీ ఆలోచించక్కర్లేదు. 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఇంట్లో అంత దూరం ఎవరికీ ఉండదు. తలుపు చట్రం పక్కనుంచి మేకు క్లిప్పులతో లాగితే కంటికి కూడా కనిపించదు.

ప్లేయర్‌ని మొదటిసారి నెట్‌వర్క్‌లో చేర్చడానికి దాని యాప్ ఫోన్లో వేసుకుని అది చెప్పినట్టు చేయడమే. ఫోన్ ఏ వైఫైలో ఉందో ప్లేయరూ అందులోనే ఉండాలి. గెస్ట్ వైఫైలో ఒకటి, అసలు వైఫైలో ఒకటి ఉంటే ఒకదానికొకటి కనిపించవు. రెండూ ఒకే పేరులో ఉన్నా కనిపించకపోతే రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ అనేది ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

సొంత పాటలు హార్డ్ డిస్క్‌లో ఉన్నవారు రౌటర్ వెనక యూఎస్‌బీ సాకెట్ ఉంటే అందులో పెట్టి, రౌటర్ సెట్టింగుల్లో డీఎల్ఎన్ఏ సర్వర్ (డిస్క్‌లోని పాటలను ఇంటి నెట్‌వర్క్‌లో పంచేది) ఆన్ చేస్తే ప్లేయర్ యాప్‌లో ఆ డిస్క్ కనిపిస్తుంది. ఫైళ్ల మీద గాయకుల పేర్లు ఒకే స్పెల్లింగ్‌తో రాసుకోండి. లేదంటే ఘంటసాల గారు నలుగురై నాలుగు చోట్ల కనిపిస్తారు.

కలిపే క్రమం

అన్నీ ఆపేసి, ప్లగ్గులు తీసి మొదలుపెట్టండి. స్పీకర్ వైర్లు ముందు. ఎరుపు టెర్మినల్‌కి ఎరుపు, నలుపుకి నలుపు, రెండు స్పీకర్లకీ ఒకేలా. వైరు చివర విప్పినప్పుడు ఒక్క రాగి పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు. వేళ్లతో గట్టిగా మెలేసి లోపలికి దూర్చండి. షార్ట్ అయితే యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. ఈ పాత సెట్లలో అవి మళ్లీ దొరకడం కష్టం, అందుకే ఇక్కడ తొందర వద్దు.

తర్వాత సిగ్నల్ కేబుల్. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ప్లేయర్‌లో 3.5 ఎంఎం సాకెట్ ఉంటే, ఒకవైపు ఆ పిన్ను, రెండోవైపు రెండు ఆర్‌సీఏలు ఉన్న కేబుల్ కావాలి. మీటరో మీటరున్నరో చాలు. పొడుగు కేబుల్ చుట్ట చుట్టి కరెంటు వైర్ల మీద పడేయకండి. ఖరీదైన కేబుల్ అవసరం లేదు. పిన్ను బిగుతుగా పట్టేదైతే చాలు.

ఆపైన కరెంటు. ముందు ప్లేయర్ ఆన్ చేసి, అది లేచి వైఫైలో చేరేదాకా ఆగండి. యాంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఆఖరికి దాన్ని ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంప్లిఫయరే మొదట. ఈ వరస తప్పితే ప్లేయర్ లేచినప్పుడు వచ్చే టప్ అనే దెబ్బ స్పీకర్లలో మోగుతుంది.

వాల్యూమ్ ఎవరి చేతిలో ఉండాలి

చాలామంది ఇక్కడే తడబడతారు. ప్లేయర్ యాప్‌లో ఒక వాల్యూమ్, యాంప్లిఫయర్‌కి ఒక నాబ్, ఫోన్ పక్కన ఇంకో బటన్. మూడూ తిప్పుతూ పోతే ఎక్కడ తగ్గిందో, ఎక్కడ చీలుతోందో తెలియదు.

యాంప్లిఫయర్‌కి వాల్యూమ్ నాబ్ ఉంటే ప్లేయర్‌లో ఫిక్స్‌డ్ అవుట్‌పుట్, అంటే ఎప్పుడూ పూర్తి స్థాయిలోనే ఇచ్చే సెట్టింగు, పెట్టేయండి. ఇక నాబ్ ఒక్కటే అధికారి. నాబ్ లేని పవర్ యాంప్లిఫయర్‌కో, లోపలే యాంప్లిఫయర్ ఉండి వాల్యూమ్ లేని యాక్టివ్ స్పీకర్లకో నేరుగా కలిపితే మాత్రం ఫిక్స్‌డ్ ఎప్పుడూ వద్దు. మొదటి స్వరానికే స్పీకర్ పూర్తి శక్తితో అరుస్తుంది. అక్కడ యాప్‌తో స్థాయి మార్చుకోగలిగే వేరియబుల్ పెట్టి, యాప్‌లో గరిష్ఠ వాల్యూమ్ హద్దు కూడా పెట్టుకోండి.

నాన్నగారి సెట్టులో ఇంకో చిక్కు వచ్చింది. నాబ్ కొంచెం కదిపితే చాలు, ఇల్లంతా హోరు. రాత్రిపూట అమ్మ కోసం చిన్నగా పెడదామంటే సున్నాకీ హోరుకీ మధ్య వెంట్రుకవాసి చోటే ఉంది. దానికి కారణం ఇది: పాత యాంప్లిఫయర్లు 200 మిల్లీవోల్టుల చుట్టుపక్కల సిగ్నల్‌కే పూర్తి శబ్దం ఇచ్చేలా చేశారు, ప్లేయర్ 2 వోల్టులు ఇస్తోంది. పదింతలు. కొన్ని ప్లేయర్ల యాప్‌లో అవుట్‌పుట్ స్థాయి 2 వోల్టుల నుంచి 1 వోల్టుకో, ఇంకా తక్కువకో దించుకునే ఏర్పాటు ఉంటుంది. అది లేకపోతే వేరియబుల్ పెట్టి ప్లేయర్ వాల్యూమ్ ఒకసారి 60 శాతం దగ్గర నిలిపి ఇక ముట్టుకోకండి. అలా తగ్గిస్తే నాణ్యత పోదా అని అడుగుతారు. ప్రతి 6 డెసిబెల్స్ తగ్గింపుకీ ఒక బిట్ ఖర్చవుతుంది. ప్లేయర్ లోపల లెక్క 24 బిట్లలో జరుగుతుంటే 16 బిట్ల పాటకి 8 బిట్లు చేతిలో మిగులు ఉన్నట్టు. ఈ మాత్రం తగ్గింపుతో చెవికి తేడా తెలియదు. ఇప్పుడు మా నాబ్ గడియారంలో పది, పదకొండు గంటల దగ్గర హాయిగా తిరుగుతోంది.

గీ మని రొద వస్తే

మైకుసెట్టు ఉన్న ఇంట్లో మొదటిరోజే ఆ ఇంటి పిన్నిగారు అడిగారు, "ఏటి బాబూ, పాట లేకపోయినా గీ మని కూస్తంది?" అని. పాట ఆపినా ఒకే స్థాయిలో వచ్చే ఆ రొదను హమ్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, హమ్ కూడా 50 దగ్గరో 100 దగ్గరో ఉంటుంది. తంబురా శ్రుతి వింటూ ఉంటే అపశ్రుతిలా పక్కనే నిలబడుతుంది. సంగీతం వినేవాళ్లకి అది భరించలేని సంగతి.

ఒక్కొక్కటే కలుపుతూ వెతకాలి, వేరే దారి లేదు. యాంప్లిఫయర్‌కి స్పీకర్లు తప్ప ఏమీ లేకుండా ఆన్ చేయండి. అప్పుడే రొద ఉంటే లోపం దాని లోపలే, చాలాసార్లు ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మూత మీరు తీయకండి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. రొద లేకపోతే ప్లేయర్ ఒక్కటే కలపండి. తర్వాత టీవీ, తర్వాత కంప్యూటర్. ఏది కలిపినప్పుడు గీ మొదలైందో అదే దొంగ.

రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే ప్లేయర్‌కి ఎర్తు ఉండదు కాబట్టి ఒంటరిగా అది హమ్ తేవడం అరుదు. మూడు పిన్నుల డెస్క్‌టాప్ కంప్యూటర్, కేబుల్ టీవీ లేదా డిష్ వైరు తగిలిన టీవీ, ఇవే ఎక్కువగా దొంగలుగా దొరుకుతాయి. యాంప్లిఫయర్‌కి గోడ నుంచి ఒక ఎర్తు, డిష్ వైరు గుండా ఇంకో ఎర్తు వస్తే, రెంటి మధ్య సన్నటి కరెంటు సిగ్నల్ కేబుల్ గుండానే పారుతుంది. మామూలు ల్యాన్ కేబుల్‌తో ఈ బాధ లేదు, సాకెట్లలోనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అడ్డుంటాయి. లోహపు తొడుగు ఉన్న ల్యాన్ కేబుల్ అయితే తీసేసి మామూలుది వేయండి.

మందు ఇదీ: అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. తగ్గకపోతే ఆ పెట్టెను ఆప్టికల్‌తో కలపండి. ఆప్టికల్ లేకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బా దొరుకుతుంది, ఆర్‌సీఏ కేబుల్ మధ్యలో పెట్టడమే. పిన్నిగారింట్లో దానితోనే పోయింది. కొందరు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేయమంటారు. హమ్ పోతుంది నిజమే, కానీ పెట్టెలో వైరు ఎక్కడైనా ఊడి లోహానికి తగిలితే ముట్టుకున్నవారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే రొద వస్తుంటే తప్పు వైర్లది కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు అల పలకలు పలకలుగా ఉంటుంది, యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ దానికి గుర్రుమంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ గోల ఉండదు.

చెవితో పరీక్ష

అన్నీ కుదిరాక 1950ల నాటి సినిమా పాట ఒకటి పెట్టండి. అప్పటి రికార్డింగులు మోనో, రెండు స్పీకర్ల నుంచీ ఒకే శబ్దం వస్తుంది. స్పీకర్లకి సమాన దూరంలో, మధ్యలో కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా ఎదురుగా, రెంటి నడుమ ఒక మనిషి నిలబడి పాడినట్టు రావాలి. అలా కాక గదంతా పరుచుకుని, ఎక్కడుందో చెప్పలేనట్టు, బేస్ పలచగా ఉంటే ఒక స్పీకర్ వైర్లు తిరగబడ్డాయి. యాంప్లిఫయర్ ఆపి, ఒక స్పీకర్ దగ్గర మాత్రమే ఎరుపు నలుపు మార్చి మళ్లీ వినండి. మావయ్యగారింట్లో ఈ ఒక్క మార్పుతో, "ఇదిగో, ఇప్పుడొచ్చేరు" అని ఆయన కుర్చీలో ముందుకు వంగారు.

గొంతు మధ్యలో కాక ఒకవైపు లాగుతుంటే బ్యాలెన్స్ నాబ్ చూడండి. నాబ్ తిప్పినప్పుడు చరచర మంటే లోపల దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టిస్తే పోతుంది.

ఉరుముల రోజున

మన తీరానికి తుపాను కొత్త కాదు. 2014 అక్టోబరు హుద్‌హుద్, 2018 అక్టోబరు తిత్లీ చూసినవాళ్లం. ఉరుము వినిపించగానే యాంప్లిఫయర్ ప్లగ్గు, ప్లేయర్ అడాప్టర్, దాంతోపాటు ల్యాన్ కేబుల్, డిష్ వైరు కూడా తీసేయండి. ఫైబర్ వైరు గుండా పిడుగు రాదు, కానీ ఫైబర్ డబ్బాకి అడాప్టర్ ఉంది కదా, అది కరెంటు వైపు నుంచి అందుకుంటుంది. స్పైక్ బస్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. వానాకాలం అయ్యాక ఒకసారి ఆర్‌సీఏ పిన్నులన్నీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంటే ఏడాదంతా నిశ్చింత.

క్యాసెట్ డెక్‌ని తిరిగి బతికించడం

కొన్ని ప్లేయర్లకి లైన్ ఇన్ కూడా ఉంటుంది. దానికి, బెల్టు మార్పించిన పాత క్యాసెట్ డెక్ అవుట్‌పుట్ కలిపితే, ఆ టేపు శబ్దం నెట్‌వర్క్ మీదికి ఎక్కి, ఇంట్లో ఇంకో గదిలో ఉన్న అదే కంపెనీ ప్లేయర్‌లోనూ వినిపిస్తుంది. డెక్ హాల్లో తిరుగుతుంటే అమ్మ తన గదిలో మంచం మీదనుంచే వినేది ఇలాగే. మధ్యలో ఒకటి రెండు సెకన్లు ఆలస్యం ఉంటుంది, అది మామూలే.

టేపులో ఉన్నది శాశ్వతంగా దాచుకోవాలంటే ల్యాప్‌టాప్ కావాలి. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ దానికి కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రికార్డ్ చేయండి. మీటర్ ఎంత గట్టి చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టి, పూర్తయ్యాక ఫ్లాక్‌గా దాచి, రౌటర్‌కి పెట్టిన ఆ డిస్క్‌లోనే వేయండి. ఆ మర్నాటి నుంచి అది ప్లేయర్ యాప్‌లో మిగతా పాటలతో పాటే కనిపిస్తుంది.

రికార్డ్ నొక్కే ముందు ఒక్క పని. డెక్ తలుపు తెరిస్తే, హెడ్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, సాధారణంగా దాని కింద స్ప్రింగ్ ఉంటుంది. టేపు నడుస్తుండగా, అయస్కాంతం పట్టని సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని పావువంతు లోపే అటూ ఇటూ తిప్పుతూ వినండి. శబ్దం దుప్పటి కప్పుకున్నట్టున్నది ఒక చోట తేటపడుతుంది. నాన్నగారు రేడియో నుంచి ఎక్కించుకున్న ఒక వయొలిన్ కచేరీ టేపుతో నేనిది చేశాను. వెంట్రుకంత తిప్పగానే కమాను తీగ మీద ఆనిన చోట ఉండే గరుకు వినిపించింది, వెనకాల ఎవరో గొంతు సవరించుకోవడం వినిపించింది. అక్కడే స్క్రూ వదిలేసి, టేపు మొదటికి తిప్పి, రికార్డ్ నొక్కాను.